టికెట్ లేని పుప్పొడి

దేవరకొండ డిపోల కండక్టర్‌గ నాది పందొమ్మిదేండ్ల సర్వీసు.
మిద్దె మీద పెయింటు డబ్బాలల్ల
నూట పదకొండు ముండ్ల ప్రాణాలు.
నీళ్ళెక్కువైతే చస్తయి,
మరిచిపోతే బతుకుతయి.
డబుల్ డ్యూటీ మనిషికి
ఇంతకన్న అనువైన సంసారం ఏముంటది?

పక్కింటి బాలకిష్టమ్మ గోడ మీదికెల్లి తొంగి చూస్తది:
"ముండ్లు పెంచితే కొట్లాటలైతయట గదనే."
"ఇంట్ల నేనొక్కదాన్నే గదక్కా, ఎవరితోటి కొట్లాడాలె?"
జవాబు దొరకలె ఆమెకు.
తెల్లారి ఒక పిలక అడిగి తీస్కపోయి
దిష్టికని గుమ్మానికి తలకిందులుగ కట్టింది.
వేలాడుకుంటనే అది మీదికి వంగి పెరగవట్టింది.

పిలక తీసుడంటే ఉత్త పని గాదు.
కత్తిని స్పిరిటుతోటి తుడవాలె.
మెడ సన్నగున్న కాడ ఒక్క కోత.
పాలు బొటబొట కారుతయి, తెల్లగ, ఏమెరగనట్టు.
నమ్మొద్దు.
ఒకపారి ఆ వేలితోనే కన్ను నులుముకున్న,
మూడు దినాలు లోకమంత మంట.
సిక్ లీవు కాగితంల కారణం 'చెట్టు' అని రాస్తే
కంట్రోలర్ సారు నవ్విండు, శాంక్షన్ మాత్రం చెయ్యలె.
అందుకే అన్నిట్ల ముండ్లెక్కువున్నదానికి
కంట్రోలర్ అని పేరు వెట్టిన.

కోసిన ముక్కను నీళ్ళల్ల ముంచి, పాలు ఆగినంక
నీడపట్టున పాత వేబిల్లుల మీద పండవెట్టాలె,
పదిహేను దినాలు.
గాయం పొర గట్టేదాక మట్టి మొఖం చూపియ్యొద్దు.
తర్వాత చెల్క మట్టి ఒక పాలు,
డిండి వాగు ఇసుక రెండు పాలు,
పగిలిన పెంకుల చూర పిడికెడు.
నీళ్ళా? ఇంకా గాదు.
దూపైతేనే వేరు కిందికి దిగుతది.
ఈ దిక్కు పుట్టినోళ్ళకు ఆ ముచ్చట నేను చెప్పాల్నా?

కంట్రోలర్ ఎనిమిదేండ్లు పూసింది,
ఒక్క కాయ గాయలె.
కడియం నర్సరీ చీటీ మీది పేరు
మొదటి వానకే చెదిరిపోయింది.
కల్వకుర్తి బస్టాండు ముందర మందుల షాపు ఖలీముద్దీన్
నా సెల్లుల ఫొటో చూసి, అద్దాలు మీదికి జరిపి,
"ఇది ఆడది మేడం. మొగది నా కాడ ఉన్నది" అన్నడు,
జలుబు గోలి పేరు చెప్పినంత మామూలుగ.

కంట్రోలర్ ఆడది!
డిపోల ఎవరికీ చెప్పలె.

ఆ శుక్రవారం ఏడూ నలభై ట్రిప్పుల
ఖాళీ క్యాప్సూల్ గుల్లల పచ్చటి పొడి,
చిటికెల పదో వంతు,
నా సంచిల చిల్లర పక్కపొంటి కూసున్నది.
వంగూరు గేటు కాడ చెకింగోళ్ళు ఎక్కిండ్రు.
అరవై ఇద్దరు మనుషులు, ఒక మేకపిల్ల, రెండు ఉల్లిగడ్డ బస్తాలు,
అన్నిటికి లెక్క కుదిరింది.
ఆ ఒక్కనికే టికెట్ కొట్టలె.

బొమ్మలేసే కుంచెతోటి పువ్వు పువ్వుకూ ముట్టించిన,
చెయ్యి కొద్దిగ వణికింది.
నెల దాటినంక గుండీలసొంటి కాయలు.
పండితే వాటంతటవే పేలుతయట.
చాయ జాలి బోర్లిచ్చి, దారంతోటి కట్టిన.

మే నెల వీక్లీ ఆఫు, మిట్టమధ్యాన్నం.
మెట్ల నీడల కూసొని మామిడికాయ కోస్తున్న.
టిక్.
ఆగి, మళ్ళ టిక్.
జాలిల మూడు గింజలు,
బూడిద రంగువి, సజ్జగింజంతవి.
జాలి బయట ఉన్న ఇంకో కాయ ఉత్త డొప్పయింది,
దాని గింజలు ఎటు ఎగిరినయో.

ముసుర్ల తెలిసింది.
బాలకిష్టమ్మ పిట్టగోడ పగులుల
పెసరగింజంత పచ్చటి ఉండ, దాని నెత్తి మీద రెండు ముండ్లు.
వేలితోటి ముట్టి చూసిన. మెత్తగున్నయి, ఇంకా గుచ్చుడు నేర్వలె.
"మా గోడల మొలిచింది, మాదే" అన్నది బాలకిష్టమ్మ.
"గింజ నాది" అన్న నేను.
గొంతులు లేచినయి, గల్లీల కిటికీలు తెరుచుకున్నయి.

కొట్లాటలైతయని ఆమె ముందే చెప్పింది.