ఇతరములు

బాలానగర్ చౌరస్తాలో పంచర్ల దుకాణం పక్కన
ఆరడుగుల వెడల్పు కొట్టు నాది.
దరఖాస్తులు నింపుతాను.
పేరు, తండ్రి పేరు, ఆధార్ అంకెలు
ఇవన్నీ గడగడా చెప్తారు.
వృత్తి దగ్గరికొచ్చేసరికి
ఎంతటివాళ్లైనా ఒక్క క్షణం
ఫ్యాను వైపు చూస్తారు.

సోమవారం దస్తగిరి అట్లే చూశాడు.
పదిహేడేళ్లు లేత్ మీద నిలబడ్డ మనిషి.
షెడ్డు అమ్ముడుపోయింది, మిషన్లు తూకానికి పోయాయి.
ఇప్పుడు మూసాపేట మెట్రో కింద దోసెల బండి.
పెనం మీద పిండి తిప్పేటప్పుడు
మణికట్టు అర మిల్లీమీటరు తేడా కూడా ఒప్పుకోదట.
అంచు దళసరైతే తీసి పక్కన పెడతాడట.
"అది రిజెక్ట్ పీస్ మేడం,
మా ఇంటామె తింటది."

స్క్రీను మీద చిన్న పెట్టె తెరుచుకుంటుంది.
వ్యవసాయం. కూలి. వ్యాపారం.
ప్రభుత్వ ఉద్యోగం. ప్రైవేటు ఉద్యోగం.
అన్నిటికన్నా అడుగున, మెట్ల కింద చెప్పుల్లాగ,
ఇతరములు.
రోజుకు నలభై మందిని అందులోకి దింపుతాను.

హైమావతి కూడా అక్కడికే దిగింది.
ఎక్కడెక్కడి డాక్టర్ల గొంతులో చెవిలో పెట్టుకుని
తొమ్మిదేళ్లు రాత్రిళ్లు టైపు కొట్టింది.
ఇప్పుడు ఆ గొంతుల్ని మిషనే వింటోంది,
ఆవలింత కూడా లేకుండా.
ఈమె వాట్సాప్‌లో నైటీలు అమ్ముతోంది.
మెత్తటి కాటన్, రంగు పోదు, రెండు కొంటే ఒక జేబురుమాలు.
అవతల ఎవరైనా దగ్గితే మాత్రం
పొడిదగ్గా, కఫమా అని
వేళ్లు గాల్లోనే కొట్టేస్తాయట.

నా సంగతి అడగలేదు మీరు.
చిక్కడపల్లిలో లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను.
ఖైరతాబాద్ ఆర్టీఏ ముందు గొడుగు కింద
రెమింగ్టన్ పెట్టుకుని కూర్చున్నాను.
తర్వాత పెళ్లి కార్డుల డీటీపీ, తర్వాత జిరాక్సు, తర్వాత ఇది.
రేపు ఇది కూడా ఫోన్లోనే అవుతుందని
పక్కకొట్టు పిల్లాడు చెప్తూ చెప్తూ
నా ప్రింటర్‌కి ఎంతొస్తుందో లెక్కేస్తున్నాడు.

అసలు చెప్పాలనుకున్నది మొహ్సిన్ గురించి.

యూసుఫ్‌గూడలో లేడీస్ టైలర్.
రంజాన్ నెలలో మూడు పూటలు నిద్రలేకుండా కుట్టినవాడు.
"రెడీమేడ్ వచ్చె, ఓర్చుకున్న.
ఆన్‌లైన్ వచ్చె, ఓర్చుకున్న.
ఇప్పుడు ఆ ఆన్‌లైన్ కుర్తీలే
వీపు మీద మోస్కపోయి ఇస్తున్న."
తలుపు తెరిచిన ప్రతి మనిషినీ
ముఖం చూడకముందే భుజాలు చూస్తాడట.
పద్నాలుగున్నర, పదిహేను, పదిహేనుంపావు.
ఓటీపీ చెప్పేలోపు చంక లోతు కూడా తెలిసిపోతుంది.
సైజు తప్పని సంచి తెరవకుండానే తెలుస్తుంది.
చెప్పడు. చెప్తే స్టార్లు తగ్గుతాయి.

బిడ్డ స్కాలర్‌షిప్‌కి ఆదాయం కాగితం కావాలి.
"వృత్తి ఏం రాయను?"
"టైలర్ అంటే ఏమన్న పథకం ఉందా?"
"మిషనుండాలి."
"అమ్మిన."
"డెలివరీ అని రాయనా?"
"ఈ పదిహేను దినాల సంది ఐడీ బంద్ పెట్టిన్రు.
ఏదో కంప్లైంటంట. అన్న బండి మీద,
అన్న పేరు మీద తిరుగుతున్న."

నేను కూడా ఫ్యాను వైపు చూశాను.

అప్పుడన్నాడు, నెమ్మదిగా, నేల చూస్తూ:
"మేడం, కోపం చేసుకోవద్దు.
మీ జాకెట్ ఎడమ భుజం అరంగుళం జారింది.
ఎవరు కుట్టిన్రో గానీ, క్రాస్ పీస్ తప్పు కోసిన్రు."

నాలుగేళ్లుగా ఆ భుజం సర్దుకుంటూనే ఉన్నాను.
నా ఒళ్లే వంకర అనుకున్నాను.

మర్నాడు జాకెట్ తెచ్చిచ్చాను.
కౌంటరు మీద స్టేప్లర్ జరిపి, నిలబడే,
పళ్లతో దారం తెంపి, చేత్తోనే విప్పి కుట్టసాగాడు.
జేబులో ఫోను ఒకసారి మోగింది. కదల్లేదు.
రెండోసారి మోగింది. నాలుగు కుట్లు వేశాడు.
మూడోసారి మోగితే
"ఏడు నిమిషాలే ఉంది, ఇప్పుడే వస్త" అని
సూదిని దారంతో సహా
నా గోడ క్యాలెండర్‌లో గుచ్చి పోయాడు.

ఇరవై రెండో తారీఖు మీద ఉంది అది.
నెల మారింది. కాగితం చింపలేదు నేను.
సగం భుజం కుట్టిన జాకెట్ డ్రాయర్లో ఉంది.
అతని దరఖాస్తు ఇంకా పంపలేదు,
కర్సర్ ఆ గడిలో
వెలుగుతూ ఆరుతూ ఉంది.