ఎనిమిది కాళ్ల మామిడి

బంగారుపాళ్యం బస్సులో, వెనక చక్రం పైసీట్లో,
చెవిలో ఫోను తీగ పెట్టుకుని
నలభైతొమ్మిదేళ్ల నేను
ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా అని గొణుక్కుంటా ఉంటే
పక్కన టమోటా బుట్టతో కూర్చున్న ఆయమ్మ
ఏం స్తోత్రం మే అది, నాకూ నేర్పించు, అనింది.

స్తోత్రం కాదక్కా, కూలి.
గుజ్జు ఫ్యాక్టరీలో డ్రమ్ములకు చీటీలు రాసేది నేనే.
ఈ ఏడు మా తోతాపురి వలెన్సియాకు పోతాది.
అక్కడ కొనే ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం,
మా చెంగల్రాయులు సారుకు అంతకన్నా.
బీకాం చదివినావు కదమ్మా, నేర్చేసుకో, అన్నాడు
డ్రమ్ము కడగమన్నంత సులువుగా.

క్రియలు నన్ను భయపెట్టలా.
నేనని, నువ్వని ముందే చెప్పే పని లేదు,
తోక చూస్తే తెలిసిపోతాది ఎవరో.
మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాది:
మన ఇంటి లెక్కే.
ఇంగ్లీషే పాపం, తోక తెగిన బల్లి,
ఐ అని, యూ అని ప్రతిసారీ వేలు చూపించుకోవాల.

భయమంతా తెలిసినట్టు నవ్వే మాటలతోనే.
సోపా సబ్బు కాదు, చారు.
రోపా తాడు కాదు, ఒంటిమీది గుడ్డలు.
పెరో అంటే కానీ. ర మీద కాస్త ఒత్తితే కుక్క.
ఎవురైనా పేరేంది అని అడిగితే చాలు
నాకిప్పుడు దూరంగా మొరుగుడు వినపడతాది.
మాంగా అంటే, గుడిపాల దాటితే అరవంలో మామిడికాయ.
వాళ్లకు చొక్కా చెయ్యి.

ఇంత జాగ్రత్తగా ఉండీ
ఒక్క దీర్ఘం కాడ మునిగినా.
గుజ్జును పుల్పా అనాల.
మామిడి వాళ్లకు మగది కదా, గుజ్జూ మగదే అనుకోని
పుల్పో అని రాసేసినా, రెండొందల నలభై డ్రమ్ముల మీద.
పుల్పో అంటే ఆక్టోపస్సంట.

మీ మామిడికి కాళ్లెన్ని, అని రాసింది రెమెదియోసమ్మ,
పండ్ల అంగడికి పంపాల్నా, చేపల అంగడికా?
సిగ్గుతో చచ్చి, ఎంబరాస్ అయినానని చెప్పబోయి
దానికి దగ్గరగా ఉండే మాటొకటి దొరికితే
ఎస్తొయ్ ఎంబరసాదా, అని కొట్టి పంపించినా.
రాత్రికి పువ్వుల బొమ్మలొచ్చినాయి.
ఎన్నో నెల అని అడిగింది.
బిడ్డకు స్వెట్టరు అల్లతానని రాసింది.
మునెమ్మ డ్రమ్ముకు ఆనుకోని నవ్వీ నవ్వీ,
నీ మనవరాలికి చిన్న పిన్ని వస్తాందా మే, అనింది.

పొద్దున్నుంచి సందేళ దాకా చీటీలు గీకినాం.
గోళ్లల్లో జిగురు.

ఉండటానికి వాళ్లకు రెండు క్రియలు.
ఒకటి నువ్వెవరో చెప్తాది, ఇంకోటి ఎట్ల ఉండావో.
ఆ పాఠం మూడుసార్లు తప్పినా.
నాలుగోసారి, గేటు కాడ ట్రాక్టరు దించిన కుప్ప ముందర
ఒక కాయ చేతిలోకి తీసుకుని చూస్తే తెలిసింది.
బెర్దె అనే ఒక్క మాటే.
దాని ముందు ఎస్ పెడితే పచ్చ.
ఎస్తా పెడితే పచ్చి.
వాళ్లు క్రియ మార్చుకున్న చోట
మనం తలకట్టు తీసి గుడి పెట్టుకున్నాం, అంతే.

కాయతో ఏం మాట్లాడతా ఉండావమ్మా, అన్నాడు హమాలీ పిల్లోడు.
ఉండాను లేరా, అన్నా.
ఎస్తొయ్.

ఆ రాత్రే రెమెదియోసమ్మకు సరిచేసి రాసినా:
బిడ్డ లేదు, గిడ్డ లేదు. సోయ్ అబుయెలా.
అమ్మమ్మని.
మనకా క్రియ కూడా అక్కర్లా, చివర్న ఒక్క ని చాలు.

అయినా అల్లడం ఆపలేదు ఆ తల్లి.
శ్రావణంలో పార్సిలొచ్చింది, పసుపు రంగుది, అరచేతి బొత్తాలతో.
చిత్తూరు ఉక్కలో దాన్ని విప్పనియ్యదు మా మనవరాలు.
గడప మీద కూర్చోని
మోచేతి దాకా తడిపేసుకుంటా
చేతిని చప్పరిస్తా ఉంది.
ఏం తింటాండావే, అని అడిగినారు ఎవరో.

మాంగా, అన్నా నేను.