అందిచ్చే మాట

ఐలోనీ,
నిన్న రాత్రి పదింటికి టీవీల మళ్ల చచ్చిపోయినవ్.
ఇరవై మూడోసారి. నేను లెక్కవెడుతున్న.
ఈసారి మంచం మీద, మంచి దుప్పటి కప్పుకొని.
జర నయం.
మొదట్ల నిన్ను ఒట్టి నేల మీదనే చంపేటోళ్లు.
"గీ తాత ఎప్పుడు చూసినా ఎందుకు చస్తడు?"
మా మనుమరాలు అడిగింది.
బతుకుదెరువు బిడ్డా, అన్న.

యాదికున్నదా,
ఆజంజాహి మిల్లుల షిఫ్టు దిగి
నెత్తి మీద దూది దులుపుకోకుంటనే
కాశిబుగ్గ గోదాంకు రిహార్సల్ కొచ్చేటోనివి.
రంగు పుయ్యకముందే ముసలోని వేషం తయారు.
ఇరవై రెండేండ్లకే అందరికి తండ్రివి.
నీకంటె ఆరేండ్లు పెద్దైన హీరోను
"బిడ్డా" అని పిలిచి
ముందు వరుసల తాసిల్దారును ఏడ్పించినవ్.

నేను తెర పక్కన,
బ్యాటరీ లైటు చంకల ఇరికిచ్చుకొని,
నోటుబుక్కుల వేలు వెట్టి
ఆగిన కాడ మాట అందిచ్చేటోన్ని.
రెండో అంకంల నువ్వు ఆగేటోనివి.
మర్చిపోయినవని నేనందిస్తే
కండ్లతోటి కసిరేటోనివి.
అది మరుపు గాదు, ఆగుడని
నాకు సమజయ్యేసరికి రెండు పరిషత్తులు గడిచినయ్.

మిల్లు మూసిన ఏడు పట్నం బస్సెక్కినవ్.
సీరియల్ల నెల రోజులు మనిషివి,
మూడేండ్లు గోడకు ఫొటోవి.
కోడండ్లు నీ ముందే కొట్లాడుకున్నరు,
నీ ముందే కలిసిండ్రు.
"ఫొటోకు పైసలియ్యరు రా"
హన్మకొండ చౌరస్తాల
చాయ్ చల్లారంగ నవ్వుకుంట చెప్పినవ్.

సినిమాల జడ్జివైనవ్.
నోరు నీదే, గొంతు ఎవనిదో.
నీ యాస తీర్పుకు పనికిరాదన్నరట.
యాస కావాల్సిన దినం పిలిచి
జేబుదొంగ వేషమిచ్చిండ్రు.
ఆ దినం మాత్రం గొంతు నీదే.
వరంగల్ల నేను, సమ్మక్క, దర్జీ మొగిలి
ఆ ఒక్క నిమిషం కోసం
మూడు టికెట్లు కొన్నం.
నువ్వు తన్నులు తింటుంటె
మొగిలి లేచి చప్పట్లు కొట్టిండు.

నిన్న చచ్చే ముందు
"బిడ్డా" అని ఆగినవ్.
ఇంట్ల అందరు టీవీకి అతుక్కపోయిండ్రు.
నా పెదవి మాత్రం కదిలింది.
ఏం అందియ్యాలె? బుక్కు లేదు, లైటు లేదు,
నీ కండ్ల కాడికి కెమెరా పోలేదు.

పొద్దున ఫోన్ చేస్త.
ఆగుడైతె, ఎప్పటిలెక్క కసురు.
మరుపైతె ఏం చెప్పకు,
ఊకె "ఆఁ" అను.
పదింటి బస్సుకొస్త.
ఆ నోటుబుక్కు ఇంక నా కాడనే ఉన్నది.