పదిహేను జతలు

ముసఫ్ఫా క్యాంపుల ఆరు మంచాల రూం.
సెలవు ఇద్దరికే అన్నడు ఫోర్‌మన్.
చీటీలు ఏసుకోండ్రని పోయిండు.

రొట్టెపిండి చేతులతోనే అడిగిండు లింబాద్రి,
పుట్టిన బిడ్డ మొఖం ఇంకా సూడనోడు:
"ఇంటర్‌ల లెక్కలు సదివినవ్ గద,
నా వంతెంత?"

సిమెంటు సంచి మీద రాసిన:
ఆరుగురిల ఇద్దరు, పదిహేను జతలు.
నువ్వు-నేనన్నా, నేను-నువ్వన్నా ఒక్కటే జత;
దిగేది ఒక్క విమానంలకెల్లే.
అండ్ల ఐదిట్ల నీ పేరుంది.
మూడింట ఒకటి.

ఖాజా పైమంచం మీదికెల్లి అన్నడు:
"ఉండిపోయేటోళ్లను లెక్కపెట్టు."
ఆరుగురిల నలుగురు.
రాసిన, కొట్టేసిన, మల్ల రాసిన.
అదీ పదిహేనే.

అందరు నన్నే తియ్యమన్నరు.
చాయ్‌పత్త డబ్బాల చెయ్యి పెట్టిన.
ఏసీ చప్పుడు తప్ప ఎవ్వల మాట లేదు.
ఒక్క చీటికి పిండి అంటి ఎండింది,
గరుకుగ.
మూడింట ఒకటని రాసిన వేళ్లే ఇవి.