జరిమానా గిన్నె

బుధవారం మధ్యాహ్నం, సరస్సు ఒడ్డున
ఉసిపా చేపలు ఎండే పందిళ్ళ వెనక్కి
పెట్టెను ఇద్దరు మోసుకొస్తారు.
నీలం రంగు ఇనప్పెట్టె, ఒక మూల సొట్ట.
మూడు తాళాలు, మూడిళ్ళలో తాళంచెవులు.
ఒకటి ఫలేసి చితెంజె గుడ్డ ముడిలో,
ఒకటి లోసితాల మొక్కజొన్నపిండి డబ్బాలో.
మూడోది ఎవరి దగ్గరుందో చెప్పకూడదు.
కట్టుబాటు.

లెక్కలు నేను రాస్తాను.
పాతికమందిలో చదువొచ్చింది నాకొక్కదానికే కాదు.
నా అంకెలు నిలబడి ఉంటాయట,
మిగతావాళ్ళవి పడుకుంటాయట.
లోసితాల మాట అది.

పెట్టెకంటే ముందు చాప మీదికి గిన్నె వస్తుంది.
తెల్ల ఎనామిల్ గిన్నె, అంచు పెచ్చులూడింది.
ఆలస్యంగా వస్తే యాభై క్వాచాలు.
ఫోను మోగితే యాభై.
ఒకరు మాట్లాడుతుండగా అడ్డొస్తే వంద.
మనసు నొచ్చేలా మాటంటే రెండొందలు.
మొదటి ఏడు ఈ ఆఖరి పద్దు లేదు.
మొదటి ఏడు మేం నలభై మందిమి.

ఎనెలేసి మాట్లాడదు.
మూడేళ్ళుగా చాప ఆ చివర, నీడ ముందుగా తప్పుకునే చోట కూర్చుంటుంది.
వాటా వేస్తుంది. ఎవరు వాటా వేసినా
అందరితోపాటు చప్పట్లు కొడుతుంది.
అప్పు ఎవరికివ్వాలో అడిగితే మాత్రం
నేలలో ఏదో పారేసుకున్నట్టు వెతుకుతుంది.
మాకు మాట కూడా వాటాయే.
వెయ్యనివాళ్ళ మీద ఎందుకో ఒక కన్నేసి ఉంచుతాం.

ఆ బుధవారం గొడవ వలల అప్పు గురించి.
డొరీకా మరిదికి కొత్త వల కావాలి,
పాత బాకీ తీరలేదు.
గాలి లేదు. ఎండ. చేపల వాసన నాలుకకి అంటుకుంటోంది.
ఏడుగురు ఒక్కసారే మాట్లాడారు, గిన్నెలో ఏడు వందలు పడాలి,
ఎవరూ వెయ్యలేదు, ఎవరూ అడగలేదు.
చేతులెత్తమన్నాం.
ఎనెలేసి ఎత్తలేదు, దించలేదు.
చెయ్యి మోకాలి మీదే ఉంది, వేళ్ళు మాత్రం కదిలాయి.
కలం పట్టినవాళ్ళకి సభలో నోరు కూడా తమదేననిపిస్తుంది.
"బండరాయికి వాటా ఎవరిచ్చారు?" అన్నాను.
నవ్వారు కొందరు.
ఆ నవ్వు నాకు తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు.

ఫలేసి గిన్నెను నా వైపు జరిపింది.
ఏమీ అనలేదు. ఇసుక మీద ఎనామిల్ గీరుకున్న చప్పుడు, అంతే.
నా దగ్గర నూట యాభై ఉంది.
తక్కిన యాభై లోసితాల వేసి
"రాసుకో, నాకు బాకీ" అంది.
జరిమానా గడిలో నా పేరు నేనే రాసుకున్నాను.
ఆ పూట నా అంకెలూ పడుకున్నాయి.

పుస్తకం మూయబోతుంటే ఫలేసి అంది:
"గిన్నెకి ఇచ్చింది గిన్నెకి చెల్లు.
ఆమెకి చెల్లాల్సింది ఇంకా ఉందిగా."

చాప చివరిదాకా తొమ్మిదడుగులు.
అంత చిన్న చాప మీద అన్ని అడుగులున్నాయని
మూడేళ్ళుగా నాకు తెలీదు.
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
"తప్పయింది" అన్నాను.
చేప ముల్లు గొంతులోంచి పైకి తీసినట్టు వచ్చింది మాట.

ఎనెలేసి చాలాసేపు నా కలం వైపు చూసింది.
"నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తాను," అంది.
"ఒకరి మాట పూర్తిగా ఆగాక కదా ఇంకొకరిది.
ఇక్కడ ఆగడం ఉండదు."

ఎవరో దగ్గారు. ఎవరూ నవ్వలేదు.
వల అప్పు మాత్రం ఇచ్చాం.
ఎనెలేసి వద్దనే చెప్పింది, ఓడిపోయింది,
ఓడినందుకు ఏమీ అనుకున్నట్టు లేదు.

ఆఖర్న పెట్టెలో ఎంతుందో అందరం పైకి చెప్పుకున్నాం.
పుస్తకం తడిసినా, నేను చచ్చినా
లెక్క పాతిక నోళ్ళలో బతకాలని పెట్టుకున్న పద్ధతి.
రెండు లక్షల పద్నాలుగు వేల మూడు వందలు.
చాప ఆ చివరికి చెవి వంచి విన్నాను.
అన్ని గొంతుల్లో ఆమెది ఏదో పోల్చుకోలేకపోయాను.
వచ్చే బుధవారం ఇంకాస్త దగ్గరగా కూర్చుంటాను.

తాళాలు మూడూ పడ్డాయి.
గిన్నెను బోర్లించి పెట్టె మీద పెట్టారు.

లోసితాలకి యాభై ఇంకా ఇవ్వాలి.