బొటనవేలు ఇటువైపు

రెండొందల డాలర్లకి, పాత ఇనుము లెక్కన ఇచ్చాడు
పక్క పొలం మెథోడి కలిన్యుక్.
"వట్టిపోయిన గొడ్డు, డార్కా. దమ్ము లేదు దాంట్లో"
అంటూ ఎడమ చేత్తో నోట్లు లెక్కపెట్టుకున్నాడు.

నిజమే. ముందున్న క్రాంకు హ్యాండిల్
రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది,
కాఫీ మర తిప్పినంత సులువుగా.
ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపినదాన్ని,
మరీ మాట వినే పిల్లాడికి
ఒళ్లు కాలుతోందని నాకు తెలుసు.

ప్లగ్గులు తీసి గేజి బిగించాను.
డెబ్భై రెండు. అరవై ఎనిమిది.
మూడో సిలిండర్ దగ్గర ముల్లు
నలభై ఒకటి దాకా లేచి చతికిలబడింది.
చెంచాడు నూనె పోసి మళ్లీ చూశాను:
అరవై ఆరు!
అంటే దొంగ వాల్వు కాదు, రింగు.
నూనె ఉన్నంతసేపే దాని పెద్దరికం.

విప్పడం నవంబరులో మొదలుపెట్టాను,
సస్కచ్వాన్ చలి షెడ్డు తలుపు కిందనుంచి
నీళ్లలా పారి వచ్చే కాలం.
అడుగు పళ్లెం దించాక, మూడో బేరింగు వెనక
కత్తెరతో కత్తిరించిన రేకు ముక్క,
పొగాకు డబ్బాది. ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు.
మీద సగం అక్షరం.
ఏ పంట పోయిన ఏడో, పట్నం వెళ్లే డబ్బుల్లేక
అరిగిన సందుని ఎవరో పొగాకు డబ్బాతో పూడ్చారు.
ముందు తిట్టాను. తర్వాత కొలిచాను.
వెంట్రుకవాసి తేడా లేదు.
తిట్టు వెనక్కి తీసుకుని
ముక్కని కిటికీ గట్టున పెట్టాను.

ఈ ఇంజను పుట్టింది కిరసనాయిలు తాగడానికి.
గట్టిగా నొక్కితే ఓర్చుకోని ఇంధనం అది,
అందుకే పుట్టుకతోనే దీనికి సగం ఊపిరి పెట్టారు.
నేను తెప్పించినవి కొండ పిస్టన్లు,
గాలి పలచనైన ఊళ్ల కోసం
తల కాస్త ఉబ్బెత్తుగా పోతపోసినవి.
మా దగ్గర ఎత్తంటే ధాన్యం గోదామే,
దాన్నీ పోయినేడు కూల్చేశారు.
ఇక్కడి చిక్కటి గాలిని ఆ తలలు
ఇరుకు గదిలోకి నెట్టి తలుపేస్తాయి.

స్లీవుల్ని ఒక రాత్రి బయట మంచులో పడుకోబెట్టాను,
మైనస్ ముప్పై ఒకటి.
పొద్దునకి ముడుచుకుని
చొక్కా చేతిలోకి చెయ్యి దూరినట్టు జారాయి.
జనవరి నాకొక పని చేసిపెట్టడం అదే మొదలు.
హెడ్డు మాత్రం ఫ్రీజెన్ దగ్గర చెక్కించాను.
"ఎంత తియ్యను?" అన్నాడు.
"నీకు భయం వేసేదానికి కాస్త తక్కువ" అన్నాను.
వాల్వులు నేనే నూరాను,
రెండు అరచేతుల మధ్య పుల్ల పెట్టి
చల్ల చిలికినట్టు, నాలుగు సాయంత్రాలు.
అయిదో సాయంత్రం చెంచా ఎత్తలేకపోయాను.

ఏప్రిల్లో మెథోడి వచ్చాడు,
నవ్వడానికే వచ్చాడని నడకలోనే తెలిసింది.
"తిప్పు చూద్దాం."
పావు చుట్టు తిరిగి హ్యాండిల్ ఆగిపోయింది.
ఒంటి బరువంతా వేశాను.
నన్నే కాస్త పైకి లేపింది.

ఆయన వంగి, వంకర తిరిగిన కుడి మణికట్టుని
హ్యాండిల్ మీద ఆనించి మెల్లగా నొక్కాడు,
తలుపు వెనక ఎవరున్నారో కనుక్కునేవాడిలా.
"ఇదే" అన్నాడు.
"యాభై ఏడులో నా చెయ్యి విరిచింది ఇదే.
నీకు అమ్మింది ఇది కాదనుకున్నాను."
కిటికీ గట్టున రేకు ముక్క తీసి వాసన చూశాడు.
దాని గురించి ఏమీ చెప్పలేదు.
వచ్చి నా బొటనవేలు పట్టుకుని
హ్యాండిల్ చుట్టూ ఉన్నదాన్ని ఊడదీసి
మిగతా నాలుగింటి పక్కన పడుకోబెట్టాడు.
"ఇటువైపు. తన్నినప్పుడు వదిలెయ్యాలి,
పట్టుకుంటే నీ పని అయిపోతుంది."

మూడో లాగుకి అది అరిచింది.
గేజిలో నూట పద్దెనిమిది ఉందని
ఆ చప్పుడు మీంచి చెప్పబోయాను.
ఆయన వినలేదు.
కుడి చెయ్యి చంకలో దాచుకుని
ఇంజనుకి ఒక అడుగు ఎడంగా జరిగి
నిలబడ్డాడు, మర్యాదగా.