అద్దం చప్పుడు

కోఠీ గుజరాతీ గల్లీలో, మెట్ల కింద
మంచమంత దుకాణం తఖీ సాబ్‌ది.
గాజుబల్ల మీద మూడు కెమెరాలు పెట్టి
ధర చెప్పలేదు.
"ఏం తీస్తవు బేటా?" అన్నాడు.

నిద్ర, అన్నాను.
అఫ్జల్‌గంజ్‌లో, బేగంబజారులో
తెల్లారక ముందు
తోపుడుబండ్ల మీద పడుకునే హమాలీల నిద్ర.
కాళ్లు బండి దాటి గాల్లో ఉంటాయి,
తలకింద చెప్పులుంటాయి.

"ఏ కన్నుతోని చూస్తవు?"
ఎడమ కన్నుతో.
"అట్లయితే ముక్కు వెనకపలకకి తగుల్తది.
ఆవిరి పడ్తది. చలికాలం తుడుచుకోవాలె."
ఇన్నేళ్లలో నా ముక్కు గురించి ఆలోచించిన
మొదటి దుకాణందారు.

ఒకటి చిన్నది, జేబులో పడుతుంది.
మీట నొక్కితే
పేను చిట్లినంత చప్పుడు.
ఇంకోటి రెండు కళ్లది.
కడుపుకి ఆనించుకుని తల వంచాలి,
లోపల కుడి ఎడమైపోతుంది.
గల్లీలో పోతున్న చాయ్ పిల్లవాణ్ణి వెతుకుతూ
అటు తిప్పబోయి ఇటు తిప్పి
గుమ్మంలోనే పోగొట్టుకున్నాను.
మూడోది సవాసేరు ఇనుము.
అంచుల్లో నలుపు రాలి ఇత్తడి తేలింది.
లోపల అద్దం లేచి పడితే
ఎవరో అలిగి తలుపేసినట్టుంటుంది.

చిన్నదే ఇవ్వండి, ఎవరి నిద్రా చెడదు, అన్నాను.
తఖీ సాబ్ మూడూ సంచీలో వేశాడు.
"ఒక్కొక్క రీలు తియ్. సోమవారం మాట్లాడుదాం."

చిన్నదానితో ముప్పై ఆరూ తీశాను.
ఒక్కరూ కదల్లేదు.
రీలు అయ్యేసరికి
చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నాను,
ఎప్పుడు విప్పానో తెలియదు.

మర్నాడు ఉస్మాన్‌గంజ్ మలుపులో
ఇనుప కెమెరా ఎత్తి
సెకనులో ముప్పయ్యో వంతు, ఊపిరి బిగబట్టి
నొక్కాను.
బండి మీది మనిషి లేచి కూర్చున్నాడు.
"ఏందక్కా, ఏం పేలింది?"
ఫొటో, అన్నాను.
"నన్నా? గిట్లనా?"
లుంగీ సర్దుకున్నాడు, జుట్టుకి ఉమ్మి రాసుకున్నాడు,
పేరు బుగ్గప్ప అని, నారాయణపేట దిక్కు అని చెప్పాడు.
మళ్లీ పడుకుని, ముఖం నా వైపు తిప్పి
కళ్లు గట్టిగా మూసుకున్నాడు.
"ఇగ తియ్."

సోమవారం బల్ల మీద మూడూ పెట్టాను.
తఖీ సాబ్ ఏదీ అడగలేదు.
వెనకపలకలు వెలుతురుకి తిప్పి చూసి,
నా ముక్కు మరక దట్టంగా ఉన్నదాన్ని
చొక్కా కొసతో తుడిచి
చీటీ రాయడం మొదలెట్టాడు.

రెండు కళ్లదాంట్లో రీలు అసలు వెయ్యనే లేదు.
చిన్నదాని రీలు ఫ్రిజ్‌లో ఉంది,
కరివేపాకు పక్కన.
కడిగించడానికి చెయ్యి రాదు.

బుగ్గప్ప ఫొటో మాత్రం పెద్దది చేయించి ఇచ్చాను.
దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు,
పక్క బండివాడికి చూపించాడు.
తర్వాత నన్ను చూసి అన్నాడు:
"నిద్దర్ల ఎవ్వలన్న గింత నవ్వుతరా అక్కా?"